తలా ఒక డాలరు

ఆ ఏడాది చక్కెర దుంపల కోతల కాలంలో మా ఊరి ఆడవాళ్ళం తలా ఒక డాలరు వేసుకుని ఒక సెనేటర్‌ను కొన్నాం. మిన్నెసోటా రాష్ట్రం మొత్తం మీద ఆ సరుకు అంత చవగ్గా ఇంకెవరికీ దొరికి ఉండదు.

సంగతి ముందుగా తెలిసింది మా ఆయన వెర్లిన్‌కు. ఆస్పత్రిలో బాయిలర్లు, లిఫ్టులు, జనరేటరు, కారే పైపులు, అన్నీ చూసే విభాగానికి పెద్ద. రోజుకు పది మాటలు మాట్లాడితే అందులో ఆరు బాయిలర్‌తోనే. అలాంటి మనిషి సెప్టెంబరు మొదట్లో ఒక సాయంత్రం భోజనం దగ్గర ఉడికిన బంగాళాదుంపను ఫోర్కుతో చిదుముతూ తనంతట తానే నోరు తెరిచాడు.

"మూడో అంతస్తును వెచ్చబెట్టే ఆవిరి ఆపేస్తే మిగతా బిల్డింగు తట్టుకుంటుందో లేదో చూసి చెప్పమన్నారు."

"ఎవరు?"

"పైవాళ్ళు."

మా ఆస్పత్రికి ఉన్నవే మూడు అంతస్తులు. మూడోదాంట్లో ఉన్నది ప్రసూతి వార్డు. ఇంగ్రిడ్ పుట్టింది అక్కడే. ఆ ఇంగ్రిడ్డే ఇప్పుడు బల్లకు అవతలి వైపు కూర్చుని, అయిదో నెల కడుపుతో, ఊరగాయ దోసకాయలు సీసాలోంచి నేరుగా తింటోంది. పురుడు జనవరిలో.

మా ఊరినుంచి కాన్పులు చేసే ఇంకో ఆస్పత్రికి వేసవిలో అయితే కారులో గంటన్నర. జనవరిలో అయితే ఎవరూ చెప్పలేరు. మంచు తుఫాను లేచిందంటే హైవేకి అడ్డంగా ప్రభుత్వమే గేటు దించేస్తుంది. నొప్పులు వస్తున్నాయంటే ఆ గేటు లేవదు.

ఇంగ్రిడ్ నమలడం ఆపింది. "మరి నేనెక్కడ కనాలి నాన్నా?"

వెర్లిన్ దుంపకేసి చూస్తూ చెప్పాడు. "ఇప్పుడే ఏమీ కాదులే. ప్రభుత్వం గ్రాంటు తీసుకునే పల్లె ఆస్పత్రి కాన్పుల వార్డు మూయకూడదని రూలుంది. ఎన్నికలయ్యాక కర్టిస్ ఆ రూలు తీయిస్తాడట. కొత్త సంవత్సరం రోజు నుంచే."

మా పెళ్ళయ్యాక వెర్లిన్ నోట అంత పొడుగు ఉపన్యాసం నేను వినలేదు. ముగించి, వెన్న అందుకున్నాడు.

కర్టిస్ వోల్డ్ రాష్ట్ర సభలో మా సెనేటర్. నవంబరులో మళ్ళీ నిలబడుతున్నాడు. ఆయన మీద నిలబడింది డొర్తియా లిండ్ అని, దుంపల రైతు. మూడో అంతస్తు ఊసెత్తిన అభ్యర్థి ఆవిడొక్కతే. కాని ఆవిడ పేరు రాసిన బోర్డులు ఆవిడ పొలంలోనూ, ఆవిడ చెల్లెలి పొలంలోనూ తప్ప ఎక్కడా లేవు. చెల్లెలి పొలంలోది కూడా గాలికి పడిపోయింది.

ఇక ఆస్పత్రి నడిపేది హెరన్ హెల్త్ అనే కంపెనీ. హెరన్ అంటే కొంగ. గుమ్మం మీద, నర్సుల జేబుల మీద, ఇంటికొచ్చే బిల్లుల మీద, ఒంటికాలి మీద నిలబడి కళ్ళు మూసుకున్న నీలం కొంగ. అది అలా ఎందుకు నిలబడుతుందో చెరువుల మధ్య పెరిగిన మాకందరికీ తెలుసు. మినియాపోలిస్‌లో కూర్చుని ఆ బొమ్మ గీసినవాళ్ళకు తెలియదు కాబోలు.

ఆ మరుసటి వారమే ఆస్పత్రి క్యాంటీన్‌లో "కుటుంబాల కాఫీ" అని పెట్టి, విభాగాల పెద్దలనూ వాళ్ళ ఇంటివాళ్ళనూ పిలిచారు. మాట్లాడటానికి హెడ్డాఫీసు నుంచి ట్రెంట్ హాలోవే అనే ఆయన వచ్చాడు. ప్రభుత్వంతో మంచిచెడ్డలు చూసే అధికారి. పళ్ళు బాగా తెల్లగా ఉన్నాయి. అందరినీ కుటుంబం అన్నాడు. అలా అన్న ప్రతిసారీ వెనకవరసలో ఎవరో ఒకరు పర్సు దగ్గరికి లాక్కున్నారు.

"కంపెనీ తన సొమ్ము అభ్యర్థులకు నేరుగా ఇవ్వకూడదు. చట్టం ఒప్పుకోదు," అన్నాడు ట్రెంట్. "అందుకే హెరన్ మిత్రుల నిధి అని ఒకటి పెట్టాం. ఇది కంపెనీది కాదు, మీది. మీరు మీ జీతాల్లోంచి ఇష్టపడి వేసుకునే డబ్బు. ఎన్నికల్లో ఎవరికివ్వాలో కూడా మీరే తేలుస్తారు. మనిషికో చెయ్యి, చెయ్యికో ఓటు. అచ్చం మీ చర్చిలో లాగే."

ఆ చివరి మాట అనకుండా ఉండవలసింది.

మా లూథరన్ చర్చి మహిళా మండలిలో బేస్‌మెంటు కార్పెట్ రంగు మీద మూడేళ్ళు మాట్లాడుకున్నాం. ప్రతిపాదన, బలపరచడం, సవరణ, సవరణకు సవరణ, కాఫీ. చివరికి గోధుమరంగు గెలిచింది. అదివరకు ఉన్నది కూడా గోధుమరంగే. ఆ మూడేళ్ళలో ఒక్కరూ గొంతు పెంచలేదు, ఒక్కరూ వెనక్కి తగ్గలేదు. అలాంటి ఆడవాళ్ళను చూసి ఆయన చర్చి పేరెత్తాడు.

నేను చెయ్యెత్తాను. "ఓటెయ్యాలంటే మినియాపోలిస్ రావాలా అండీ?"

"ఏడాదికొక సమావేశం మేడమ్. వచ్చినవాళ్ళ మాటే చెల్లుతుంది. దాపరికమెందుకు, ఎవరూ రారు. కిందటేడు వచ్చింది నేనూ, మా అకౌంటెంటూ, ఒక ట్రే శాండ్‌విచ్‌లూ." తనే నవ్వుకున్నాడు. "ఈసారి మాత్రం పోటీ పెట్టాం. మన ఆస్పత్రులున్న ఊళ్ళలో ఎక్కడ ఎక్కువమంది చేరితే సమావేశం అక్కడే. సెనేటర్ గారొస్తారు, పేపరువాళ్ళొస్తారు, తలుపంత చెక్కు తెస్తాం, ఫొటో దిగుతాం. ఇంటివాళ్ళు చేరడానికి ఒక్క డాలరు చాలు."

"వెయ్యి డాలర్లిచ్చిన డాక్టరుగారి చెయ్యీ, డాలరిచ్చిన నా చెయ్యీ ఒకటేనా?"

"ఒకటే మేడమ్. ప్రజాస్వామ్యం కదా."

అంటూనే ట్రెంట్ బల్లమీది పళ్ళెంలోంచి నిమ్మకాయ కేకు ఆఖరి ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాడు.

మా వైపు ఆఖరి ముక్క ఎవరూ తీసుకోరు. తినాలనిపిస్తే సగం కోసుకుంటారు. తర్వాత వచ్చినవాళ్ళు ఆ సగంలో సగం. సాయంత్రానికి పళ్ళెంలో చీమ మోసుకుపోయేటంత మిగులుతుంది. దాన్ని కూడా రేకులో చుట్టి ఎవరో ఒకరికి బలవంతాన కట్టబెడతారు. ట్రెంట్ ముక్క మొత్తం మింగి వేళ్ళు తుడుచుకుంటుంటే గదిలో ఎవరూ ఏమీ అనలేదు. అంతకంటే గట్టిగా తిట్టడం మాకు చేతకాదు.

నేను పర్సులోంచి డాలరు తీసి బల్లమీద పెట్టాను. మా ఊరినుంచి నిధిలో చేరిన మొదటి ఇల్లాలిని నేనే. వెర్లిన్ నావంక చూశాడు గాని, ఆ రోజు మాటలు అప్పటికే అయిపోయినట్టున్నాయి.

మా ఆడపడుచు లవాన్‌కు మాటల కొరత లేదు. తమ్ముడికి రావలసిన వాటా కూడా ఆవిడకే వచ్చింది. వాళ్ళాయన గ్లెన్ ఆస్పత్రి అంబులెన్సులు చూసే విభాగానికి పెద్ద. మహిళా మండలికి అధ్యక్షురాలు ఆవిడే. ఎప్పటినుంచీ అంటే, దించే ఉద్దేశం ఎవరికీ లేనప్పటినుంచీ.

అక్టోబరు వచ్చింది. మా వైపు అక్టోబరంటే దుంపలే. నేల గడ్డకట్టేలోపు తవ్వి ఫ్యాక్టరీకి చేర్చాలి గనక లారీలు రాత్రీ పగలూ ఆగవు. రోడ్లన్నీ బురద, ఊరంతా మట్టివాసన. చర్చి ఆడవాళ్ళం వంతులవారీగా పొలాలకు మధ్యాహ్నం భోజనాలు మోస్తాం. ఆ రోజు వంతు నాదీ లవాన్‌దీ. డొర్తియా లిండ్ పొలం గట్టున ట్రక్కు ఆపుకుని, వెనక తలుపు దించి, శాండ్‌విచ్‌లు కాగితాల్లో చుడుతున్నాం.

"ఏమే మార్గిట్," అంది లవాన్, "కంపెనీకి చందాలు పోగుచేస్తున్నావట. కొంగ బొమ్మ ఏప్రన్ కుట్టించుకున్నావా, ఇంకా లేదా?"

"కుట్టించుకుంటాను వదినా. నీకూ ఒకటి తెస్తాను. డాలరియ్యి."

"మా తమ్ముడి చేత వార్డు ఆవిరి కట్టేయిస్తున్నారు. కడుపుతో ఉన్న కూతురు ఇంట్లో ఉంది. నువ్వేమో వాళ్ళ కర్టిస్‌కి కానుకలు. కాలేజీలో చదివింది ఇదేనా?"

"రాజనీతి శాస్త్రం చదివాను వదినా. ఇన్నేళ్ళూ అది జామ్ సీసాల మీద పేర్లు రాయడానికే పనికొచ్చింది. ఇప్పుడు కాస్త వాడదామని."

"ఎలా వాడతావు?"

"పోటీలో మనం గెలిస్తే సమావేశం ఎక్కడ?"

"మన ఊళ్ళో."

"మన ఊళ్ళో పెడితే వచ్చేదెవరు?"

"ఎవరొస్తారు. మనమే."

"వచ్చినవాళ్ళ మాటే చెల్లుతుందట."

లవాన్ చేతిలో శాండ్‌విచ్ సగం చుట్టి ఉంది. దుంపల లారీ ఒకటి మలుపు తిరిగి మమ్మల్ని దాటిపోయింది. మనిషి తలకాయంత దుంప ఒకటి జారి రోడ్డుమీద పడింది. లవాన్ వెళ్ళి దాన్ని తీసి, ఏప్రన్‌తో మట్టి తుడిచి, డొర్తియా వాళ్ళ కుప్పమీద పెట్టి వచ్చింది. ఆలోచించేటప్పుడు ఆవిడ చేతులు ఊరుకోవు.

"కర్టిస్‌కి ఇవ్వొద్దంటావు. మరెవరికిద్దామని?"

నేను పొలం వైపు చూశాను. అవతల డొర్తియా తవ్వే మిషను మీద ఎక్కి కూర్చుని, ఎన్నికల్లో నిలబడ్డానన్న ధ్యాస ఏమాత్రం లేకుండా ఎవరినో కేకలేస్తోంది.

"అధ్యక్ష స్థానంలో ఎవరుంటారు?" అంది లవాన్.

"ట్రెంట్ గారే."

"ఆ అబ్బాయికి సవరణకు సవరణ అంటే ఏమిటో తెలుసా?"

"తెలియదనే నా నమ్మకం."

లవాన్ శాండ్‌విచ్ చుట్టడం పూర్తిచేసింది. "డాలరు ఎక్కడ వెయ్యాలి?"

ఆ తర్వాత పని సులువైంది. ఆస్పత్రి మనుషుల్లో ఎవరింటికి వెళ్ళినా లోపల కూర్చున్నంతసేపూ వాతావరణం, దుంపల ధర, ఫలానావాళ్ళ మోకాలి ఆపరేషను. లేచి, కోటు తొడుక్కుని, తలుపు పిడిమీద చెయ్యివేశాకే అసలు మాటలు. మా వైపు వీడ్కోలంటే ముప్పావుగంట. ఆ ముప్పావుగంటలో లవాన్ మూడో అంతస్తు సంగతి చెప్పేది, నేను డాలరు అందుకునేదాన్ని. వార్డులో కన్నవాళ్ళు, పుట్టినవాళ్ళు, ఇక ముందు కనబోయేవాళ్ళు, అందరూ ఇచ్చారు. ల్యాబ్ విభాగానికి పెద్దావిడ మొగుడు కూడా ఇచ్చాడు. ఇవ్వనిది ఆస్పత్రి పళ్ళ డాక్టరొక్కడే. ఆయన ఎవరికీ ఏమీ ఇవ్వడు.

హెడ్డాఫీసు మురిసిపోయింది. ట్రెంట్ నాకు ఫోన్ చేసి, "మేడమ్, మీలాంటి కంపెనీ మనుషులు ఊరికొకరుంటే చాలు," అన్నాడు. మరునాడు పోస్టులో నీలం కొంగ బిళ్ళ వచ్చింది. దాన్ని స్వెట్టరుకు పెట్టుకుని వంటచేస్తుంటే వెర్లిన్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"బిళ్ళ ఇచ్చారన్నమాట."

"ఇచ్చారు. బాగుందా?"

"నువ్వేం చేస్తున్నావో నాకు తెలియడం లేదు."

"చెప్పమంటావా?"

 రిటైరవడానికి ఆయనకింకా ఆరేళ్ళుంది. ఆ ఆరేళ్ళనూ ఒక్కొక్కటే లెక్కపెడుతున్నట్టు నేలకేసి చూశాడు.

"వద్దు," అన్నాడు. "రేపు ఎవరైనా అడిగితే తెలియదని చెప్పాలిగా. అబద్ధం ఆడటం నాకు రాదు."

వెళ్ళబోయి, మళ్ళీ ఆగాడు. "సమావేశం మన ఊళ్ళో అయితే చర్చి బేస్‌మెంటులోనే కదా. అక్కడి హీటరు సరిగ్గా పనిచెయ్యడం లేదు. ఆ పూట నేను దాన్ని చూస్తుంటాను."

హీటరు బాగానే పనిచేస్తోందని నాకు తెలుసు. ఆ ముందురోజే బేస్‌మెంటులో చెమటలు కక్కుతూ లెఫ్సాలు, అంటే పల్చటి బంగాళాదుంప రొట్టెలు, వత్తాం.

పోటీలో గెలిచాం. కోతలు ముగిసిన మొదటి శనివారం సమావేశం. హోటలునుంచి తెప్పిస్తామన్నాడు ట్రెంట్. చర్చిలో జరిగేదానికి హోటలు భోజనమేమిటండీ, సరుకుల ఖర్చు మీరు పెట్టుకోండి, వంట మేం చేస్తామన్నాను. మాంసమూ బీన్సూ పుట్టగొడుగుల సూపులో కలిపి, పైన వేయించిన ఆలూ ముక్కలు పరిచి కాల్చిన హాట్‌డిష్‌లు ఏడు ఓవెన్‌లో ఉన్నాయి. వెన్నా చక్కెరా రాసి చుట్టిన లెఫ్సాలు. నిమ్మకాయ కేకులు. వంటగది కిటికీలో గరిటతో లవాన్. ఏడో నెల కడుపుతో కాఫీ కెటిల్ పట్టుకుని ఇంగ్రిడ్. మూలన హీటరు తలుపు తీసి, దాని ముందు మోకాళ్ళ మీద వెర్లిన్.

మొగుళ్ళూ పెళ్ళాలూ వరసలుగా కూర్చున్నారు. ముందువరసలో కర్టిస్ వోల్డ్, ఎర్ర టై. గోడకు ఆనించి తలుపంత అట్ట చెక్కు, దానిమీద ఆయన పేరు. కౌంటీ వారపత్రిక విలేకరి మెడలో కెమెరాతో ఎక్కడ నిలబడితే ఫొటో బాగా వస్తుందో చూసుకుంటున్నాడు. అతన్ని పిలిపించింది కూడా ట్రెంటే.

ట్రెంట్ లేచి రెండు నిమిషాలు కుటుంబం గురించి చెప్పాడు. "ఈ ఏడు మన నిధి మొత్తం సెనేటర్ వోల్డ్ గారికి ఇస్తున్నాం. అందరికీ ఇష్టమే కదా," అని తనే చప్పట్లు మొదలుపెట్టాడు.

నేను చెయ్యెత్తాను. "అధ్యక్షా, ఇది ప్రతిపాదనేనా?"

చప్పట్లు ఆగాయి. "అవును మేడమ్. లాంఛనమే."

"బలపరిచినవాళ్ళు?"

అకౌంటెంటు అయోమయంగా చెయ్యెత్తాడు.

"అయితే ఒక సవరణ," అన్నాను. "కర్టిస్ వోల్డ్ అన్న పేరు తీసి, డొర్తియా లిండ్ అన్న పేరు చేర్చాలి."

"బలపరుస్తున్నాను," అంది వంటగది కిటికీ.

ట్రెంట్ పళ్ళు కొంచెం కొంచెంగా లోపలికి వెళ్ళాయి. "మేడమ్, డొర్తియా గారు మనకు మిత్రులు కారు."

"మూడో అంతస్తు మూయకూడదని ఆవిడ అంటోంది. మేం మూడో అంతస్తుకు మిత్రులం."

ఆయన నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. బేస్‌మెంటులో గొంతు తగ్గిస్తే ఇంకా బాగా వినపడుతుందని ఆయనకు తెలియదు. "అలా ఒక పని మనసులో పెట్టుకుని ఇవ్వకూడదు మేడమ్. ఫలానాది చేస్తే ఇస్తామంటే చట్టప్రకారం అది లంచం."

"మరి కర్టిస్ గారిని ఏమీ అడక్కుండానే ఇస్తున్నామా?"

"ఏమీ అడగం. అది మద్దతు."

"అయితే డొర్తియానూ ఏమీ అడగం. అలాగే రాసుకోండి."

అకౌంటెంటు రాసుకున్నాడు. నలుగురైదుగురు దగ్గారు. మా వైపు అది పగలబడి నవ్వడం.

"ఇవన్నీ తర్వాత చూద్దాం," అన్నాడు ట్రెంట్. "భోజనాలు చల్లారిపోతున్నాయి."

"చల్లారవు బాబూ," అంది లవాన్. "ఓవెన్ నా చేతిలో ఉంది. ముందు సవరణ మీద ఓటు, తర్వాత ప్రతిపాదన మీద. కార్పెట్ అప్పుడు అలాగే చేశాం."

ట్రెంట్‌కు వేరే దారి లేకపోయింది. "సరే. సవరణకు అనుకూలంగా ఉన్నవాళ్ళు చేతులెత్తండి," అని, ఒక్కొక్క మొహాన్నీ గుర్తుపెట్టుకునేటట్టు వరసల వెంట చూపు నడిపించాడు.

నా చెయ్యి, లవాన్ గరిట లేచాయి. అంతే.

ఇది నేను అనుకోలేదు. ఆడవాళ్ళ సంగతి చూసుకున్నాను గాని, ప్రతి ఆడమనిషి పక్కనా ఆ కంపెనీ జీతం తీసుకునే మగమనిషి కూర్చుంటాడని లెక్కలోకి తీసుకోలేదు. మగవాళ్ళు బూట్లు చూసుకుంటున్నారు. వాళ్ళను చూసి పెళ్ళాలు ఒళ్ళో చేతులు చూసుకుంటున్నారు. ఇంగ్రిడ్ కెటిల్ దించి బల్లమీద పెట్టింది.  ట్రెంట్ పళ్ళు మళ్ళీ బయటికి వస్తున్నాయి.

మూలన ఇనుము నేలకు తగిలిన చప్పుడైంది. వెర్లిన్ పానా కింద పెట్టాడు. గుడ్డతో చెయ్యి తుడుచుకున్నాడు. ఆ గుడ్డకున్న మసి వల్ల చెయ్యి ఇంకా నల్లబడింది. లేచి నిలబడి, ఆ చెయ్యి ఎత్తాడు. నావంక చూడలేదు, ట్రెంట్ వంకా చూడలేదు. హీటరునే చూస్తూ నిలబడ్డాడు.

ఆయన తర్వాత గ్లెన్. గ్లెన్ తర్వాత ల్యాబ్ పెద్దావిడా ఆవిడ మొగుడూ ఒకేసారి. ఆ తర్వాత ఎవరి వెనక ఎవరో చూడటం నాకు కుదరలేదు. కళ్ళు మసకబారాయి. హీటరు పొగ అనుకుందాం.

ట్రెంట్ లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. "సవరణ... నెగ్గింది," అన్నాడు. సవరించిన ప్రతిపాదన కూడా నెగ్గింది. దాన్ని అకౌంటెంటు కూడా బలపరిచాడు, ఏది ఏమిటో తెలియక.

విలేకరి ఫొటో సంగతి మర్చిపోయి జేబులోంచి పెన్ను తీశాడు. "సెనేటర్ గారూ, ఈ మూడో అంతస్తు సంగతేమిటి?"

కర్టిస్ లేచాడు. ఒక చేతిలో లెఫ్సా ఉంది. సరిగ్గా అప్పుడే ఇంగ్రిడ్ కెటిల్ అందుకుని, కడుపు ముందు, తను వెనక, వచ్చి ఎదురుగా నిలబడింది.

"కాఫీ పొయ్యమంటారా?" అంది.

కర్టిస్ కెటిల్ వైపు చూశాడు, కడుపు వైపు చూశాడు, కెమెరా వైపు చూశాడు. "ఆ వార్డు ముయ్యాలని నేను ఎప్పుడూ..." అంటూ గొణిగాడు.

"కాస్త గట్టిగా, కర్టిస్," అంది లవాన్. "మా ఆయన చెవి మిషన్‌లో బ్యాటరీ అయిపోయింది."

"నాకు బాగానే విన..." అన్నాడు గ్లెన్. లవాన్ అటు తిరిగింది. "వినపడలేదు," అన్నాడు గ్లెన్.

"నేను సెనేటర్‌గా ఉన్నంతకాలం," అన్నాడు కర్టిస్, పైన చర్చి హాల్లోని ఆర్గన్ వాద్యం దాకా వినపడేటట్టు, "ఆ రూలు మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వను. మా అమ్మ నన్ను కన్నది ఆ మూడో అంతస్తులోనే."

"చిన్నప్పుడు చర్చి సండే స్కూల్లోనూ ఇంతే," అంది లవాన్ నాతో. "గదంతా ఒకసారి చూసుకున్నాకే జవాబు చెప్పేవాడు."

తర్వాత ఆవిడ గిన్నెల మీద పేర్లు రాసే నల్ల పెన్ను తెచ్చి, అట్ట చెక్కు మీద కర్టిస్ పేరు కొట్టేసి, పైన డొర్తియా పేరు గుండ్రటి అక్షరాలతో రాసింది. ఆ వారం పత్రికలో మొదటి పేజీ ఫొటో అదే. చెక్కుకు ఒకవైపు ట్రెంట్, ఇంకోవైపు గరిట.

సోమవారం ట్రెంట్ ఫోన్ చేశాడు. ఆ ఓటు కొట్టెయ్యడానికి హెడ్డాఫీసువాళ్ళు చూశారట. కాని ఈ నిధి కంపెనీది కాదు, మిత్రులదే అని ఇన్నేళ్ళూ ప్రభుత్వానికీ పేపర్లకీ వాళ్ళే చెప్పుకున్నారు. ఇప్పుడు కాదంటే ఆ ముక్క కూడా అచ్చవుతుంది. "మీరు కంపెనీ మనిషి అనుకున్నాను మేడమ్," అన్నాడు.

"కంపెనీ మనిషినే కదండీ," అన్నాను. "డాలరు కట్టాను."

డొర్తియా ఇంటికొచ్చి మరీ తిట్టింది. "కంపెనీ డబ్బు ముట్టనని ఊరూరా చెప్పుకుంటున్నానే. నన్ను ఇలా ఇరికిస్తావా?" అంది. చెక్కు వెనక్కి పంపించేసింది. ఆ కబురూ పేపర్లో పడింది. ఆవిడ బోర్డులు అప్పటినుంచి మా ఊరి వాకిళ్ళలోకి కూడా వచ్చాయి. గెలవలేదు గాని, కర్టిస్‌కు ఎన్నికల రాత్రి నిద్రలేకుండా చేసింది. గెలిచిన మర్నాడే ఆయన ఆ రూలును ఇంకా గట్టిపరిచే బిల్లు తానే పెడతానన్నాడు, పెట్టాడు కూడా. ఆయన మనసు మారిందో లేదో నాకు తెలియదు. మాట మాత్రం అచ్చులో ఉంది. మాకది చాలు.

నిధిలో ఇంటివాళ్ళను చేర్చుకోవడం ఆ మరుసటి ఏడు నుంచి మానేశారు. మా డాలర్లు మాత్రం తిరిగివ్వలేదు. వెర్లిన్‌ను ఎవరూ ఏమీ అనలేదు. చలికాలంలో బాయిలర్ మనిషితో పేచీ పెట్టుకునే ధైర్యం మా రాష్ట్రంలో ఎవరికీ లేదు.

జనవరిలో ఇంగ్రిడ్‌కు నొప్పులు మొదలైన పొద్దున హైవేకి గేటు దించేశారు. కిటికీలోంచి చూస్తే వీధి లేదు, ఎదురిల్లు లేదు, తెలుపు తప్ప ఏమీ లేదు. గ్లెన్ అంబులెన్సు తెచ్చాడు. ఇంటినుంచి ఆస్పత్రికి నాలుగు వీధులు. మధ్యాహ్నం భోజనాల వేళకు మూడో అంతస్తులో మా మనవరాలు పుట్టింది. బలమైన గొంతు. లవాన్ పోలిక.

గోడవారన ఆవిరి రేడియేటరు టకటకమని కొట్టుకుంటోంది. నర్సు బల్లమీది ఫోన్ మోగింది. కింద బాయిలర్ గదినుంచి వెర్లిన్.

"పైన వేడి సరిపోతోందా?" అన్నాడు.

"సరిపోతోంది. నువ్వు తాతవయ్యావు. పైకి రా."

"ఒత్తిడి కాస్త చూసి వస్తాను," అన్నాడు.  వచ్చేసరికి మొహం కడుక్కుని ఉన్నాడు, చేతులు మాత్రం మర్చిపోయాడు. నర్సు ఆయన్ని వెనక్కి పంపించి కడిగించింది.

లవాన్ రోడ్డుమీది మంచు తోసే బండివాణ్ణి ఆపి, ఎక్కి వచ్చింది. వచ్చేటప్పుడు రేకు డబ్బా నిండా నిమ్మకాయ కేకులు తెచ్చింది. నర్సులు తిన్నారు, డాక్టరు తిన్నాడు, బండివాడు బూట్లు దులుపుకుని వచ్చి తిన్నాడు. సాయంత్రానికి డబ్బాలో ఒక ముక్క మిగిలింది. అందరూ దాన్ని చూస్తున్నారు, ఎవరూ చూడనట్టున్నారు. నేను కత్తి అందుకున్నాను.

లవాన్ నా చేతిలోంచి కత్తి తీసేసుకుంది. "మొత్తం తిను."

"వద్దొదినా. సగం చాలు."

"ఆఖరి ముక్క మార్గిట్‌కు ఇవ్వాలని ప్రతిపాదిస్తున్నాను."

"బలపరుస్తున్నాను," అంది ఇంగ్రిడ్ మంచం మీదనుంచి.

మూలన వెర్లిన్ చెయ్యెత్తాడు. ఈసారి అది శుభ్రంగా ఉంది.

సవరణలేమైనా ఉన్నాయేమోనని చుట్టూ చూశాను. మనవరాలు ఒక్కసారి కేరుమని ఊరుకుంది. సభ్యత్వం లేనివాళ్ళ మాట లెక్కలోకి రాదు. ఆఖరి ముక్క మొత్తం నేనే తిన్నాను, మెల్లగా, అందరూ చూస్తుండగా.